అంచు విరిగిన చేట

2022వ సంవత్సరం ఏప్రిల్ నెల 18వ తేదీ, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. అనంతపురంలో అప్పటికే ముప్పైతొమ్మిది డిగ్రీల ఎండ, గాలి లేదు, మేఘం లేదు. ఉరవకొండ వాస్తవ్యురాలు సుశీలమ్మ, వయస్సు అరవై ఎనిమిది సంవత్సరాలు, కోర్టు రోడ్డులో ఒక జిరాక్సు దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కి, ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్ పనులు చూసే వేణుగోపాల్ గది గుమ్మం ముందు నిలబడింది. చెప్పులు విడవాలో అక్కరలేదో తెలుసుకొనడానికి లోపలికి చూసింది. అతడు చెప్పులతోనే కూర్చుని ఉన్నాడు. అయినా ఆమె విడిచే లోపలికి వచ్చింది.

చేతిసంచిలోంచి మూడు వస్తువులు తీసి బల్లమీద వరుసగా పెట్టింది. ఒకటి వకీలు నోటీసు. రెండవది అరకిలో వేరుశెనగ పొడి పట్టే ముతక గుడ్డసంచి. దానిమీద ఎర్రసిరాతో పక్కపక్కన రెండు చేటల బొమ్మ, కింద నెల, సంవత్సరం. మూడవది ఆ బొమ్మను అచ్చువేసే టేకు దిమ్మె. సిరా ఇంకి ఇంకి దాని రంగు ఎండిన నేరేడుపండులా మారింది.

"కూర్చోండమ్మా. మంచినీళ్ళు తాగుతారా?" అన్నాడు వేణుగోపాల్.

"బస్సు దిగి తాగినా. ముందు ఆ కాగితం సూడప్పా."

అతడు చూశాడు. విడపనకల్లు వర్తకుడు తిప్పేష్ తరఫున వచ్చిన నోటీసు అది. జోడు చేటల గుర్తును తిప్పేష్ తండ్రి 1991 నుంచి వాడుతూ వచ్చాడనీ, ఆ గుర్తును తిప్పేష్ పేర రిజిస్టరు చేయవలసిందిగా దరఖాస్తు వెళ్ళి, అది ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రకటితమైందనీ, కనుక సుశీలమ్మ తన సంచులమీద ఆ గుర్తు వేయడం ముప్పై రోజులలో మానుకోవలసిందనీ అందులోని సారాంశం.

"ఈ తిప్పేష్ ఎవరో తెలుసా మీకు?"

"తెలీకేమి? ఇరవై నాలుగేండ్లు మా భట్టీ కాడ చెనిక్కాయలు ఏంచినోడు. వాళ్ళ నాయన గొర్రెలు మేపుకొని బతికినాడు. పొడి అంటే ఎట్లుంటాదో ఆయప్పకు మేమే రుచి చూపించినాము."

వేణుగోపాల్ ఆ మాట రాసుకోలేదు. రుచికి సాక్ష్యవిలువ లేదు.

సుశీలమ్మ భర్త బదరీనారాయణ 1989లో ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. వానలు మొహం చాటేసి గింజ పట్టని ఏడు అది. నూనె మిల్లులవారు వద్దని తోసేసిన సన్నగింజలను ఆయన కొని, వేయించి, ఎండుమిరపకాయ, వెల్లుల్లి చేర్చి దంపించాడు. వేగిన గింజల పొట్టు చెరగడానికి ఇద్దరు కూర్చునేవారు: ఒకరు ఆయన భార్య, రెండవవారు ఊరిబయటి కాలనీనుంచి కూలికి వచ్చే సుంకమ్మ. ఇద్దరూ ఒకే ఈడువారు, ఒకే చాపమీద ఎదురెదురుగా చెరిగేవారు. సరుకుకు గుర్తు ఏమి పెట్టాలని అడిగినప్పుడు ఆయన తలయెత్తి కనబడినదానిని గీశాడు. అవి రెండు చేటలు. అంతకుమించి ఆ బొమ్మ వెనుక ఆలోచన లేదు.

తూనికల అధికారి ఒకసారి చెప్పిన మాటమీద బదరీనారాయణ ప్రతి సంచిపైనా తయారైన నెల, సంవత్సరం ముద్ర వేశాడు. ఆ అధికారి బదిలీ అయిపోయినా ముద్ర మానలేదు. ఆయన 2016లో కాలం చేశాడు. ముద్ర ఇప్పటికీ పడుతూనే ఉన్నది. ఉరవకొండ చుట్టుపక్కల మండలాలలో కొట్టువాడిని "పొడి ఇయ్యి" అని ఎవరూ అడగరు. "జోడు చేటలు ఇయ్యి" అంటారు. ఆ పేరు పోతే అరవై ఎనిమిదో ఏట సుశీలమ్మ మరొక పేరుకు అన్నప్రాశన చేయవలసి ఉంటుంది. ఆమెతోబాటు చెరిగే నలుగురు ఆడవాళ్ళు అన్నాళ్ళు కాచుకొని కూర్చోలేరు.

వేణుగోపాల్ ఓపికగలవాడు. ట్రేడ్‌మార్కు అంటే కేవలం బొమ్మ కాదని మొదలుపెట్టాడు. మాట ఒక్కటీ రిజిస్టరు చేయించుకోవచ్చు, బొమ్మ చేయించుకోవచ్చు, రెండూ కలిపిన లేబులు చేయించుకోవచ్చు.

"చెనిక్కాయ పొడి అనే మాట మాకే రాయించెయ్యి, పీడ పోతాది" అన్నది సుశీలమ్మ.

"అది కుదరదమ్మా. అది సరుకు పేరు. అందరిదీ. జోడు చేటలు అంటే అది గుర్తు. అది ఒకరిది అవుతుంది."

"ఇంగేమేమి రాయించొచ్చు?"

"రంగుల కూర్పు రాయించవచ్చు, ఆ రంగు చూడగానే జనానికి మీరే గుర్తొస్తారని చూపగలిగితే. వస్తువు ఆకారం రాయించవచ్చు, ఆ ఆకారం పనికోసం పుట్టినది కాకపోతే. శబ్దం కూడా రాయించవచ్చు. ముప్పై సెకన్లకు మించకుండా రికార్డు చేసి ఇవ్వాలి."

సుశీలమ్మ కొంచెంసేపు ఆలోచించింది. సంచి మూతికట్టే ముందు చేటను మోకాలికేసి రెండుసార్లు తట్టడం ఆమెకు అలవాటు; అంగట్లో ఆ చప్పుడు విని జనం తాజా పొడికోసం లేచివచ్చేవారు.

"తట్టేది సుంకమ్మ ఒక తీరు, నేనొక తీరు. ఎవురిది రాయించేది?"

"అది తరవాత చూద్దాం" అన్నాడు వేణుగోపాల్. "ఒక సంఘంలోని వాళ్ళంతా కలిసి వాడుకునే గుర్తు ఉంటుంది, అది సంఘం పేర ఉంటుంది. సరుకు ఫలానా ప్రమాణానికి తూగిందని ఇతరులు వేసే గుర్తు ఇంకొకటి. ఆ రెండూ మీకు వర్తించవు."

"వాసన?"

"వాసన కష్టమమ్మా. గుర్తును కాగితంమీద చూపించాలి. వాసనను ఎట్లా గీస్తాం?"

"చిటికెడు పొడి పొట్లం కట్టి కాగితానికి కుట్టెయ్యి."

వేణుగోపాల్ నవ్వలేదు. ఆ కాగితం చెన్నై కార్యాలయానికి కంప్యూటరులో పోతుందని వివరించాడు. ఆపైన మర్యాదకోసం సంచి మూతి విప్పి వాసన చూసి, చాలా బాగున్నదన్నాడు.

"బాగుందంటాండావు. మూడేండ్ల కిందట సూడాల్సింది నువ్వు" అని ఆమె మూతి మళ్ళీ కట్టేసింది.

అప్పుడు అతడు దిమ్మెను చేతిలోకి తీసుకున్నాడు. ఎడమపక్క చేటకు పై అంచున గోరంత ముక్క లేదు. సంచిమీద అచ్చులో అది కుడిచేట అయింది; అక్కడ సిరా పడలేదు.

"ఇదేమి, విరిగిందా?"

"తేలును కొట్టినా. తొంభై ఏడులో. తొలకరి వాన పడిన పొద్దు."

అతడు ఇంకేమీ అడగలేదు. అడగవలసినవి వేరే ఉన్నాయి. తిప్పేష్ దరఖాస్తుమీద అభ్యంతరం పెట్టడానికి యాభై రోజుల గడువు మిగిలి ఉన్నది. అభ్యంతరం పెట్టినవారు తామే ముందునుంచి వాడుతున్నట్టు రుజువు చూపాలి. పాత బిల్లులు, పాత చీటీలు, పాత కరపత్రాలు ఏవైనా సరే.

సుశీలమ్మ తల అడ్డంగా ఊపింది. బదరీనారాయణకు ఏ వస్తువునూ వృథా పోనివ్వని గుణం ఉండేది. ప్రతి దీపావళికీ ఆ ఏటి కాగితాలన్నీ కట్టకట్టి భట్టీ పక్కన పెట్టించేవాడు. మరుసటి ఏడాదంతా వాటితోనే పొయ్యి అంటించేవారు. ఆయన పోయాక కూడా ఆ పద్ధతి తప్పలేదు. ముప్పైమూడేళ్ళ రుజువులు ముప్పైమూడేళ్ళ గింజలను వేయించాయి.

"సంచులైనా పాతవి లేవా?"

"సంచులా?" అని ఆమె మొహం కొంచెం తేటబడింది. "సంచులు ఊరంతా ఉండాయప్పా."

ఆమె చెప్పింది నిజమే. ఆ ప్రాంతంలో గుడ్డసంచిని ఎవరూ పారవేయరు. పొడి అయిపోగానే కుట్టు విప్పి, ఉతికి, నీళ్ళకడవ మూతికి వడగట్టే గుడ్డగా కడతారు. ట్యాంకరు నీళ్ళలో ఏమి వచ్చినా ఆ గుడ్డ ఆపుతుంది. కనుక మే నెలంతా సుశీలమ్మ, సుంకమ్మను వెంటబెట్టుకొని, కొత్త గుడ్డముక్కల మూట చంకన పెట్టుకొని, ఊరూరా తిరిగింది. కడవగుడ్డ ఇస్తే కొత్తగుడ్డ ఇస్తానన్నది. నలభై ఒక్క ఇళ్ళవారు ఇచ్చారు. కొందరు ఆమెకు ఎండ తగిలిందనుకొని మజ్జిగ కూడా ఇచ్చారు.

నలభై ఒక్క గుడ్డలూ తెల్లగా ఉన్నాయి. ఉతుకుల్లో చేటలు పోయాయి, సంవత్సరాలు పోయాయి. ఒక గుడ్డమీద మాత్రం ఎడమచేట సగం మిగిలింది. అడివి పందులను బెదిరించడానికి చేనులో నిలిపిన దిష్టిబొమ్మ తలకు చుట్టిన సంచి ఒకటి దొరికింది. దానిమీద చేటలున్నచోట బొగ్గుతో కళ్ళు గీసి ఉన్నాయి.

వేణుగోపాల్ గడువులోపల అభ్యంతరం దాఖలు చేశాడు. దాఖలైన కాగితంలో సుశీలమ్మ మాట తప్ప మరేమీ లేదు.

జూన్ రెండవ ఆదివారం మధ్యాహ్నం సుంకమ్మ చర్చినుంచి ఇంటికి పోతూ నీడకోసం సుశీలమ్మ అరుగుమీద ఆగింది. చేతిలోని పాటల పుస్తకం పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకున్నది. సుశీలమ్మ పుస్తకం వంక చూసింది. దానికి గుడ్డ తొడుగు కుట్టి ఉన్నది. తొడుగుమీద రెండు చేటలు ఎర్రగా, నిండుగా, నిన్న అచ్చువేసినట్టు ఉన్నాయి. వాటి కింద: మార్చి 1993. రెండు చేటల నడుమ నీలిదారంతో సుంకమ్మ స్వహస్తాలతో కుట్టుకున్న సిలువ.

సుశీలమ్మ ఆ తేదీమీద వేలు పెట్టి చూసింది.

"ఏమే సుంకమ్మా, నెల పొద్దు ఎండలో నా ఎనకాలే తిరిగితివి. ఇది ఉండాదని ఒక్క మాట చెప్పకపోతివే!"

"నువ్వు కడవగుడ్డలు గదమ్మా అడిగితివి" అన్నది సుంకమ్మ. "పుస్తకం గుడ్డ అడగలేదు."

"ఉతకలేదా దీన్ని?"

"పాటల పుస్తకాన్ని ఎవురన్నా ఉతుకుతారా?"

తొడుగు విప్పి ఇమ్మని అడిగితే సుంకమ్మ ఒప్పుకోలేదు. అది పుస్తకానిది అన్నది. పుస్తకంతోబాటు తాను కూడా వస్తానన్నది. మరునాడు ఇద్దరూ బస్సెక్కి అనంతపురం వెళ్ళారు.

వేణుగోపాల్ కళ్ళజోడు పెట్టుకొని తొడుగును చాలాసేపు చూశాడు. సిలువ ఎవరిదని అడిగాడు. అది గుర్తులో భాగం కాదని రాసుకున్నాడు. ఆపైన పెన్ను కిందపెట్టాడు.

"ఇది తొంభై మూడు అమ్మా. అతను తొంభై ఒకటి అంటున్నాడు. రెండేళ్ళు తక్కువ పడింది."

సుంకమ్మ పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నది, ఇక దీనితో పని లేదన్నట్టుగా. లాక్కుంటున్నప్పుడు తొడుగు, తిప్పేష్ దరఖాస్తు నకలు బల్లమీద ఒక్క క్షణం పక్కపక్కన నిలిచాయి. వేణుగోపాల్ చేయి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా, ఆగు."

సుంకమ్మ పుస్తకంమీద రెండు చేటలకూ అంచులు నిండుగా ఉన్నాయి. తిప్పేష్ దాఖలు చేసిన బొమ్మలో కుడిచేటకు పై అంచున గోరంత ముక్క లేదు.

"తొంభై మూడులో మీ చేట బాగానే ఉంది" అన్నాడు అతడు నెమ్మదిగా. "తొంభై ఏడులో తేలును కొట్టినప్పుడు విరిగింది. అతను తొంభై ఒకటినుంచి మా నాయన బొమ్మ అంటున్నాడు. తొంభై ఏడులో విరిగిన అంచు తొంభై ఒకటిలో ఎట్లా వస్తుంది? మీ సంచి చూసి గీయించుకుంటే తప్ప రాదు. తేలును కొట్టినప్పుడు చూసినవాళ్ళు ఎవరున్నారు?"

"మా ఆయన సంతకు పోయినాడు. సుంకమ్మ ఆ పొద్దు పనికి రాలేదు. నేను, తిప్పేషు, తేలు."

"అంటే ముగ్గురు."

"తేలు చచ్చిపోయింది."

"తిప్పేష్ మనకు సాక్ష్యం చెప్పడు కదమ్మా."

"వాని కాలికాడ ఉన్న తేలునే కొట్టినా" అన్నది సుశీలమ్మ. ఇరవై అయిదేళ్ళలో ఆ సంగతి ఆమె పైకి అనడం అదే మొదటిసారి. ఆనాడు తిప్పేష్ వట్టికాళ్ళతో భట్టీ ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. మడమ పక్కకు జానెడు తేలు వచ్చింది. సుశీలమ్మ సంచులకు అచ్చువేస్తున్నది; చేతిలో ఉన్నది దిమ్మె. బండమీద ఒకే దెబ్బ వేసింది. దిమ్మె చెక్కిన వడ్రంగి అప్పటికి ఊరు విడిచిపోయాడు గనుక విరిగిన అంచును ఎవరూ బాగుచేయలేదు. మరునాటినుంచి సంచులమీద అలాగే పడింది. కొనేవారెవరూ అడగలేదు.

తొడుగు ఫోటోలు, దిమ్మె ఫోటోలు రుజువులుగా వెళ్ళాయి. అక్టోబరులో అవతలి వకీలునుంచి, విచారణదాకా పోకుండా ఒకసారి కూర్చుని మాట్లాడుకోవచ్చునేమో అని కబురు వచ్చింది.

నవంబరు 14, సోమవారం, పదకొండుంబావు. ఆకాశం మబ్బుపట్టి, వాన వచ్చేలా ఉన్నది, రాలేదు. వేణుగోపాల్ గదిలో బల్లకు ఒకపక్క సుశీలమ్మ, ఒళ్ళో పుస్తకంతో సుంకమ్మ. ఇంకొకపక్క తిప్పేష్, అతని వకీలు. తిప్పేష్‌కు నలభై తొమ్మిదేళ్ళు. ఇస్త్రీచొక్కా వేసుకొని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచాడు. సుశీలమ్మ వైపు చూడకుండా కూర్చున్నాడు.

"ఈ కుడిచేటకు అంచు ఎందుకు తెగింది?" అని వేణుగోపాల్ అడిగాడు.

"అది డిజైను సార్" అన్నాడు తిప్పేష్. "మా నాయన అట్లనే గీసినాడు."

"అది ఒక కళాత్మకమైన విశేషం" అన్నాడు అతని వకీలు.

"మీ నాయనకు కట్టె పట్టుకొనేది తెలుసు గానీ కలం పట్టుకొనేది యాడ తెలుసురా?" అన్నది సుంకమ్మ. వేణుగోపాల్ ఆమెను వారించాడు. ఆమె పుస్తకం తెరిచి చూసుకుంటూ కూర్చున్నది.

పావుగంటసేపు వకీలు సెక్షన్లు చెప్పాడు. సుశీలమ్మ విన్నది. అతడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, భట్టీ ముందు ఇరవై నాలుగేళ్ళు పిలిచిన గొంతుతోనే పిలిచింది.

"తిప్పేషా."

"అమ్మా."

"ఆ తేలును కొట్టిన పొద్దు నువ్వు యాడుంటివిరా?"

"ఆడ్నే ఉంటి కదమ్మా, కాలు పైకెత్తుకోని. నువ్వు దిమ్మెతో కొడితివి, ముక్క ఎగిరి నా..."

అక్కడ ఆగాడు. అతని వకీలు పెన్నుకు మూత పెట్టాడు. కింద జిరాక్సు యంత్రం ఎవరివో కాగితాలు తీస్తున్న చప్పుడు వినబడింది.

తిప్పేష్ తల వంచుకున్నాడు. తల ఎత్తినప్పుడు అతని కళ్ళలో సిగ్గుకంటె కోపమే ఎక్కువ ఉన్నది.

"సరేమ్మా, బొమ్మ నీదే. నేనేం కాదన్లా. ఇరవై నాలుగేండ్లు పొగలో కూర్చోని ఏంచితి. కూలి పెంచుతానంటివి, పెంచితివి. మా ఆడోళ్ళు అడిగినారు, ఇన్నేండ్లు చేసినావు, నీది అని ఏముండాది ఆడ అని. చెప్పేకి నోరు రాలేదు. బొమ్మ నీది, పేరు నీది. ఆ వాసన ఎవురిదమ్మా? నువ్వు చెప్పు."

సుశీలమ్మ వేణుగోపాల్ వంక చూసింది. వేణుగోపాల్ కిటికీ వంక చూశాడు.

"నీదేరా" అన్నది ఆమె. "నువ్వు పోయినాక ఆ వాసన మళ్ళా రాలేదు. నలుగురిని మార్చినా. మంట తగ్గించి సూసినా, పెంచి సూసినా. రాలేదు. కొనేటోళ్ళు మొహమాటానికి కొంటాండారు."

"నేను కొననా?" అన్నది సుంకమ్మ పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "మొహమాటమే."

తిప్పేష్ ఇస్త్రీచొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"మంట కాదమ్మా. దించే ముందు చారెడు నీళ్ళు చల్లి మూత వెయ్యల్ల. ఉప్పునీళ్ళు. నువ్వు ఎప్పుడూ అడగలేదు."

"నువ్వు చెప్పకపోతివి."

"అడిగింటే చెప్పింటి."

ఆ మాటను వేణుగోపాల్ రాసుకోలేదు. దానిని చేర్చడానికి దరఖాస్తులో గడి లేదు. వాపసు పత్రాన్ని టైపు చేయించడానికి కిందికి వెళ్ళాడు. అతడు తిరిగివచ్చేసరికి అవతలి వకీలు ఒక్కడే నిశ్శబ్దంగా ఉన్నాడు. మిగిలిన ముగ్గురూ ఈ ఏటి గింజ ఎంత సన్నంగా ఉన్నదో మాట్లాడుకుంటున్నారు.

తిప్పేష్ దరఖాస్తు 2022 నవంబరు 14న వ్రాతపూర్వకంగా ఉపసంహరింపబడింది. జోడు చేటల గుర్తు, విరిగిన అంచుతో సహా, 2024 ఫిబ్రవరిలో సుశీలమ్మ పేర రిజిస్టరయింది, పదేళ్ళకు చెల్లుతుంది. శబ్దానికి దరఖాస్తు పెట్టలేదు. ఎవరి తట్టు రికార్డు చేయాలన్నది తేలలేదు. ఉప్పునీళ్ళు చల్లడం మొదలైంది. వాసన చాలావరకు వచ్చిందని సుశీలమ్మ అంటుంది, పూర్తిగా రాలేదని సుంకమ్మ అంటుంది. కాగితాలతో భట్టీ అంటించడం మానుకున్నారు. సుంకమ్మ మోకాళ్ళ నొప్పులవల్ల చెరగడం మాని సంచుల మూతులు కడుతున్నది. పాటల పుస్తకానికి అదే తొడుగు ఉన్నది. తిప్పేష్ విడపనకల్లులోనే కారం ఎక్కువ వేసిన పొడి అమ్ముతున్నాడు. వేణుగోపాల్ ద్వారా దాఖలైన అతని కొత్త గుర్తు 2025 జనవరిలో రిజిస్టరయింది. అది తేలు బొమ్మ.